ఒక రాత్రి నిద్రాపరీక్ష – నూరేళ్ళ చరిత్ర



నిద్రను గురించి మన పెద్దలు చాలా ఆలోచించారు. శరీరాన్ని నిలబెట్టే మూడు ఊతలను చెబుతూ చరకుడు ఆహారం తరువాత నిద్రనే పేర్కొన్నాడు. మాండూక్యోపనిషత్తు జాగ్రత్స్వప్నసుషుప్తులను విడదీసి చూపి, వాటికి ఆవల తురీయాన్ని నిలిపింది. మన ఇళ్ళలో ఆడవారు పాడుకొన్న ‘ఊర్మిళాదేవి నిద్ర’ పాటలో లక్ష్మణుని ఇల్లాలు పదునాలుగేండ్లు నిద్రపోయింది. కుంభకర్ణుని సంగతి సరేసరి. ఇంత వాఙ్మయమున్నా, నిద్రించే మనిషి ప్రక్కన ఒకరు తెల్లవార్లూ మేలుకొని కూర్చొని, అతని నిద్రలో ఏ క్షణాన ఏమి జరుగుతున్నదో వ్రాసిపెట్టుకొనే పని మాత్రం లోకంలో చాలా ఆలస్యంగా మొదలైంది. దానికి ఇప్పటికి సుమారు నూరేళ్ళు. ఆ పనికి నేనే ఒక రాత్రి పాఠ్యపుస్తకం కావలసి వచ్చింది. ఆ రాత్రి కథ, దాని వెనుక ఉన్న నూరేళ్ళ కథ కలిపి చెప్పటం ఈ వ్యాసం ఉద్దేశం.

మా ఇంట్లో నా గురక చిరకాలంగా హాస్యవస్తువు. బంధువులు వస్తే నా మంచానికి దూరంగా పక్కలు పరచుకొనేవారు. పోయిన సంవత్సరం ఒకనాటి ఉదయం కాఫీ చేతికిస్తూ మా ఆవిడ అన్నది: “ఏమండీ, మీ గురకకు నేనెప్పుడో అలవాటుపడ్డాను. అది ఆగినప్పుడే నాకు భయం.” గురక ఆగగానే ఆమె లేచి కూర్చొని గోడగడియారంలో సెకన్ల ముల్లును చూస్తున్నదట. ఇరవై, ముప్పై, ఒక్కొక్కప్పుడు నలభై. ఆ తరువాత నేను నీళ్ళలో మునిగి పైకి తేలినవాడిలా పెద్ద శబ్దంతో ఊపిరి పీల్చి, మళ్ళీ గురక అందుకొంటానట. ఈ లెక్క ఆమె ఎన్ని నెలలుగా వేస్తున్నదో నేనడగలేదు. అడగటానికి ముఖం చెల్లలేదు.

పగలు నాకు పత్రిక చేతిలో ఉండగానే కునుకు పట్టేది. తెల్లవారి లేస్తే తలపోటు. రక్తపోటుకు రెండు రకాల మాత్రలు వాడుతున్నా అది లొంగటం లేదు. ఈ మూడూ విని, మా ఆవిడ సాక్ష్యాన్ని నా మాటకన్న శ్రద్ధగా విని, వైద్యుడు ‘స్లీప్ స్టడీ’ చేయించుకోమన్నాడు. ఒక రాత్రంతా ఆస్పత్రిలో పడుకోవాలి, తలకు, ముఖానికి, ఛాతీకి, కాళ్ళకు తీగలు పెడతారు అన్నాడు. నిజం చెప్పాలంటే నేను భయపడ్డాను. తలకు తీగలనగానే కరెంటు పెడతారేమోనన్న పామర భయం పండితులకు కూడా ఉంటుంది. తెలియనిదాన్ని చూసి బెదరటం కన్న దాని పుట్టుపూర్వోత్తరాలు చదవటం బడిపంతులు అలవాటు కనుక, పరీక్షకు ముందు ఒక వారం రోజులు అదే పని చేశాను.

మొదట పేరు. ఈ పరీక్షకు వైద్యులు పెట్టిన పేరు ‘పాలీసోమ్నోగ్రఫీ’. ‘పాలీ’ అంటే గ్రీకులో అనేకం. మన సంస్కృతంలోని ‘పురు’ శబ్దానికి అది తోబుట్టువు. ‘సోమ్నస్’ లాటిన్ భాషలో నిద్ర; మన ‘స్వప్న’ శబ్దమూ అదీ ఒకే మూలానికి చెందినవని భాషాశాస్త్రజ్ఞుల నిర్ణయం. ‘గ్రఫీ’ గ్రీకులో వ్రాత. ఒకే రాత్రి నిద్రను అనేక విధాలుగా వ్రాసిపెట్టుకోవటమని అర్థం. గ్రీకు పదాల నడుమ లాటిన్ పదాన్ని ఇరికించిన ఈ సమాసాన్ని మా గురువులు చూస్తే వైరి సమాసమని ఎర్రసిరాతో గీత పెట్టేవారు. ఈ మాట 1974లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ బృందం వాడుకలోకి తెచ్చింది. అయితే మాట పుట్టేసరికే పని సగానికి పైగా జరిగిపోయింది. ఒక్కొక్క తీగ ఒక్కొక్క దేశంలో, ఒక్కొక్కరి చేతిలో, వేరే ఏదో వెదుకుతుండగా దొరికింది. ఆ సంగతే నాకు వింతగా తోచింది.

పరీక్షనాడు పాటించవలసిన నియమాలు చిన్నవే. మధ్యాహ్నం తరువాత కాఫీ, టీలు త్రాగకూడదు. పగలు నిద్రపోకూడదు. తలంటుకొని రావాలి, తలకు నూనె పెట్టకూడదు. నూనె ఉంటే తీగ అతుక్కోదు. అరవై ఏళ్ళుగా కొబ్బరినూనె లేని తలతో గడప దాటని నాకు ఇదే పెద్ద పరీక్ష అనిపించింది. రోజూ వేసుకొనే మాత్రలు వైద్యుడు ఆపమంటే తప్ప ఆపకూడదు, ఏవేమి వాడుతున్నామో చీటీ వ్రాసి తీసుకొని పోవాలి. అలవాటైన తలగడ, వదులైన బట్టలు తెచ్చుకోవచ్చు. నేను నా లుంగీ, బూరుగుదూది తలగడ పట్టుకొని రాత్రి ఎనిమిదింటికి విజయవాడలోని ఒక ఆస్పత్రికి చేరాను. తోడు వచ్చిన మా ఆవిడకు ప్రక్క గదిలో చోటిచ్చారు.

నేననుకొన్నట్లు అది ఆపరేషన్ గదిలా లేదు. మామూలు మంచం, దుప్పటి, మంచం తలవైపు తీగలు గుచ్చే ఒక చిన్న పెట్టె, గోడ మీద చీకట్లో కూడా చూడగల కెమెరా. అంతే. తీగలు అమర్చటానికి వచ్చిన అమ్మాయికి ఇరవై అయిదేళ్ళుంటాయి. నేను ఉపాధ్యాయుణ్ణని తెలిసిన తరువాత “సార్” పోయి “మాస్టారూ” వచ్చింది. నా భయం ఆమె కనిపెట్టింది. “ఈ తీగలు మీకేమీ ఇవ్వవు మాస్టారూ. మీ దగ్గరనుంచి తీసుకొంటాయి, అంతే” అన్నది. ఇంతకన్న చక్కని వివరణ నేను చదివిన పుస్తకాలలో లేదు.

ఆమె టేపుతో నా తలను ముక్కు మొదలునుంచి తల వెనుకనున్న ఎముక బొడిపె దాకా, ఒక చెవినుంచి మరో చెవి దాకా కొలిచి పెన్సిలుతో గుర్తులు పెట్టింది. ఆ దూరాలలో నూటికి పది, ఇరవై వంతుల చొప్పున తీసుకొని గుర్తులు పెట్టే ఈ కొలమానాన్ని కెనడాలోని మాంట్రియల్ నగర శాస్త్రజ్ఞుడు హెర్బర్ట్ జాస్పర్ 1958లో ప్రకటించాడు. తల పెద్దదైనా చిన్నదైనా తీగ ఒకే చోట పడాలన్నదే దాని ఉద్దేశం. గుర్తుపెట్టిన చోట చర్మాన్ని కొద్దిగా రుద్ది, ముద్దలాంటి పదార్థంతో చిన్న లోహపు బిళ్ళలు అతికించింది. నొప్పి లేదు, చల్లగా ఉన్నది.

తల మీది ఈ తీగలకు మూలపురుషుడు జర్మనీలోని యేనా పట్టణంలో మానసిక వైద్యుడైన హాన్స్ బెర్గర్. ఆయన కథ విచిత్రమైనది. 1890ల తొలినాళ్ళలో సైనిక శిక్షణలో ఉండగా గుర్రం మీదనుంచి ఫిరంగిబండి ముందు పడి, వెంట్రుకవాసిలో బ్రతికాడు. ఆ సాయంత్రమే అతని క్షేమం అడుగుతూ తండ్రినుంచి తంతి వచ్చింది. దూరాన ఉన్న అక్కకు తమ్ముడికేదో కీడు జరిగిందని మనసులో తోచి, పట్టుబట్టి తంతి ఇప్పించిందట. తన భయం ఆమె మనసుకు ఎలా చేరిందన్న ప్రశ్న బెర్గర్‌ను జీవితాంతం వదలలేదు. మెదడులోని శక్తిని కొలవాలన్న పట్టుదల అక్కడినుంచి పుట్టింది. 1924లో తొలిసారి మనిషి మెదడు విద్యుత్తును నమోదు చేశాడు. అయిదేళ్ళు తనను తానే శంకించుకొని 1929లో ప్రకటించాడు. చాలామంది నమ్మలేదు. 1934లో ఇంగ్లండులో ఏడ్రియన్, మాథ్యూస్ అనేవారు అదే చేసి చూపిన తరువాతనే లోకం ఒప్పుకొన్నది. తమ్ముడి భయం అక్క మనసుకు ఎలా చేరిందో ఆయనకు దొరకలేదు గాని, మనిషి నిద్రపోయాడో లేదో బయటినుంచి చెప్పే సాధనం దొరికింది. మేలుకొని కన్నులు మూసుకొన్నప్పుడు ఒక లయ, నిద్ర ముదిరిన కొద్దీ మరొక లయ. 1937లో ఆల్‌ఫ్రెడ్ లూమిస్ అనే అమెరికా సంపన్నుడు తన సొంత ప్రయోగశాలలో సహచరులతో కలిసి ఈ అలలను చూసి నిద్రను అయిదు మెట్లుగా విభజించాడు. సుషుప్తి అంతా ఒకటే చీకటి కాదని అప్పుడు తేలింది.

తరువాత ఆ అమ్మాయి నా కంటి కొసలలో రెండు బిళ్ళలు అతికించింది. వీటి వెనుక ఒక తండ్రీకొడుకులున్నారు. షికాగో విశ్వవిద్యాలయంలో నథానియల్ క్లైట్‌మన్ అనే ఆచార్యుడు జీవితమంతా నిద్రనే చదివినవాడు. నిద్ర సూర్యునికి లోబడినదా, అలవాటుకు లోబడినదా తేల్చుకోవాలని 1938లో కెంటకీలోని మామత్ గుహలో ఒక శిష్యునితో కలిసి ముప్పది రెండు రోజులు పగలు తెలియకుండా గడిపాడు. ఆయన వద్దకు యూజీన్ అసెరిన్‌స్కీ అనే పేద విద్యార్థి వచ్చాడు. అతనికి ఇచ్చిన పని, నిద్రించే పసిపిల్లల కనురెప్పల కదలికలు గమనించటం. 1951 డిసెంబరులో అతను మూలపడిన పాత యంత్రమొకటి బాగుచేసుకొని, ఎనిమిదేళ్ళ తన కొడుకు కన్నుల దగ్గర తీగలు పెట్టి రాత్రంతా చూశాడు. పిల్లవాడు గాఢంగా నిద్రపోతున్నాడు, కాగితం మీద కలం మాత్రం కన్నులు అటూ ఇటూ వేగంగా పరుగులు తీస్తున్నట్లు వ్రాస్తున్నది. మొదట యంత్రం చెడిందనుకొన్నాడు. వెళ్ళి చూస్తే యంత్రం చెడలేదు, పిల్లవాడు మేలుకోనూ లేదు. 1953లో గురుశిష్యులిద్దరూ ఈ సంగతి ప్రకటించారు. ఆ దశలో లేపి అడిగితే చాలామంది కలలు చెప్పారు. మన స్వప్నావస్థకు పాశ్చాత్యుల కాగితం మీద ఆనవాలు దొరికింది ఇలా. పెద్దవారి నిద్రలో ఇది సుమారు తొంబది నిమిషాలకొకసారి వస్తుంది, మొత్తం నిద్రలో అయిదవ వంతు లేక నాల్గవ వంతు ఉంటుంది.

గడ్డం క్రింది బిళ్ళ ఫ్రాన్సుకు చెందినది. లియోన్ నగరంలో మిషెల్ జూవే పిల్లుల మీద పరిశోధన చేస్తూ, కన్నులు పరుగెత్తే ఆ దశలో మెదడు మేలుకొన్నంత చురుకుగా ఉండగా మెడ కండరాలు పూర్తిగా వదులైపోతున్నాయని 1959లో కనిపెట్టాడు. దానికి ‘విరుద్ధనిద్ర’ అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు. మన అలంకారశాస్త్రంలో విరోధాభాసం వంటిది. గడ్డం కండరం వదులైతే కల వచ్చే దశ అని గుర్తుపట్టటానికి ఈ తీగ. కండరాలు వదులయ్యే ఆ సమయంలోనే గొంతు కూడా మూసుకొనిపోయే ప్రమాదం ఎక్కువ. నాకు ఉపద్రవం ఎక్కువగా జరుగుతున్నది ఆ దశలోనేనని తరువాత తెలిసింది.

కాళ్ళు ఎగరవేస్తున్నామా చూడటానికి పిక్కల ముందు ఎముక ప్రక్కన రెండు బిళ్ళలు, గుండె లయకు ఛాతీ మీద కొన్ని, గురకకు గొంతు దగ్గర చిన్న మైకు. వీటి తరువాత ఛాతీకి ఒకటి, పొట్టకు ఒకటి రెండు సాగే పట్టీలు కట్టి, ముక్కు దగ్గర సన్నని గొట్టం అమర్చింది. గాలి వస్తున్నదా, రాకుంటే మనిషి పీల్చుకోవటానికి ప్రయత్నిస్తున్నాడా అన్న రెండు ప్రశ్నలకు ఇవి సమాధానం. వీటి చరిత్ర దగ్గర నేను ఎక్కువసేపు ఆగిపోయాను. కారణం చెబుతాను.

ఆంగ్ల నవలాకారుడు చార్లెస్ డికెన్స్ 1836–37లలో వెలువరించిన ‘పిక్‌విక్ పేపర్స్’లో జో అనే లావుపాటి కుర్రవాడున్నాడు. నిలబడినచోటే నిద్రపోతాడు, గురక పెడతాడు. పాఠకులు నూరేళ్ళకు పైగా అతణ్ణి చూసి నవ్వారు. 1956లో అమెరికాలో బర్వెల్, అతని సహచరులు ఒక రోగి కథ ప్రకటించి, దానికి ‘పిక్‌విక్’ పేరే పెట్టారు. ఆ రోగి ఒక వ్యాపార సంస్థలో అధికారి, స్థూలకాయుడు. ఒక రాత్రి పేకాటలో అతని చేతికి మూడు ఆసులు, రెండు రాజులు వచ్చాయి. అంతటి ముక్కలు చేతిలో ఉంచుకొని అతను నిద్రపోయాడు, పందెం కాయలేదు. ఆ తరువాతనే ఆస్పత్రికి వెళ్ళాడు. అప్పటి వైద్యులు శరీరభారం వల్ల రక్తంలో చెడుగాలి పేరుకొని మత్తు కలుగుతున్నదన్నారు. అతణ్ణి పగటిపూట పరీక్షించారు గాని రాత్రి నిద్రలో ఏమవుతున్నదో చూడలేదు. 1965లో ఫ్రాన్సులోని మార్సెయిల్‌లో గాస్తో బృందం, జర్మనీలో యుంగ్, కూలో అనేవారు వేరువేరుగా, ఇటువంటి రోగులను రాత్రంతా తీగలతో చూశారు. నిద్ర పట్టగానే ఊపిరి ఆగుతున్నది. పొట్ట, ఛాతీ గాలికోసం తన్నుకొంటున్నాయి. గొంతు మూసుకొని ఉన్నది. మెదడు ఒక్క క్షణం మేలుకొని గొంతు తెరుస్తున్నది. మళ్ళీ నిద్ర, మళ్ళీ ఆగటం. రాత్రికి వందల సార్లు ఇలా మేలుకొన్నవాడు పగలు నిద్రపోక ఏమి చేస్తాడు? ఈ స్థితికి ‘ఆప్నియా’ అని పేరు. ఊపిరి అని అర్థమిచ్చే గ్రీకు మాటకు ముందు మన నఞ్ సమాసంలోని అకారం వంటి అకారమే చేరింది.

ఇది చదువుతున్నప్పుడు నాకు మా లెక్కల మాస్టారు గుర్తుకు వచ్చారు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, 1980లలో, ఒక జిల్లాపరిషత్ ఉన్నత పాఠశాలలో ఆయన నాకు పైవారు. భారీ మనిషి, మెడ కురచ. లెక్క మొదలుపెట్టి, పిల్లలు చేసుకొంటుండగా కుర్చీలో కునుకు తీసేవారు. సిబ్బంది గదిలో గురక. పిల్లలు ఆయనకు కుంభకర్ణుడని పేరు పెట్టారు. ఒకసారి తనిఖీకి వచ్చిన అధికారి తరగతిలో నిద్రపోతుండగా చూసి మెమో ఇచ్చాడు. ఆయన ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకొని, “రాత్రి బాగానే పడుకొంటానయ్యా, ఎందుకో తెలియదు” అని నాతో అన్నారు. ఆ మాట నేను వినిపించుకోలేదు. పైగా ఆ సంవత్సరం పాఠశాల వార్షికోత్సవంలో ఆయన గురక మీద నేను ఆటవెలదులు మూడు ఆశువుగా చెప్పాను. సభ విరగబడి నవ్వింది. ఆయన కూడా నవ్వారు. పదవీ విరమణ చేసిన రెండేళ్ళకు నిద్రలోనే పోయారని విన్నాను. ఆయనకు ఈ జబ్బే ఉన్నదని నేను చెప్పలేను. నేను వైద్యుణ్ణి కాను, ఆయనకు ఎవరూ పరీక్ష చేయలేదు. కాని మార్సెయిల్‌లో ఆ కాగితాలు బయటికి వచ్చి అప్పటికి ఇరవై ఏళ్ళు. ఆ రాత్రి పొట్ట మీద పట్టీ బిగుస్తుంటే నాకు ఆ ఆటవెలదులు పదపదమూ జ్ఞాపకం వచ్చాయి.

చివరి తీగ వేలికి. ఎర్రని కాంతి వేసి రక్తంలో ప్రాణవాయువు పాలు చెప్పే బిళ్ళ; కరోనా కాలంలో మనలో చాలామంది ఇళ్ళలోకి వచ్చినదే. జపాన్‌లో తకువో అయోయాగి అనే ఇంజనీరు చెవి మీద కాంతి వేసి గుండె పనిని కొలవబోతుంటే నాడి కొట్టుకోవటం లెక్కకు అడ్డు వచ్చేది. ఆ అడ్డును తొలగించే ప్రయత్నంలో, ఆ నాడి ద్వారానే ధమనిరక్తంలోని ప్రాణవాయువును కొలవవచ్చునని గ్రహించి 1974లో ప్రకటించాడు. అంతకుముందు ఆ సంగతి తెలుసుకోవటానికి సాధారణంగా సూదితో రక్తం తీయవలసివచ్చేది. 2020లో, ఆ పరికరానికి లోకమంతా చేతులు చాచిన సంవత్సరంలోనే, ఆయన కన్నుమూశాడు.

అమర్చటం పూర్తికావటానికి ముప్పావు గంట పట్టింది. పడుకొన్న తరువాత ప్రక్క గదినుంచి ఆ అమ్మాయి గొంతు వినిపించింది: కన్నులు కుడికి త్రిప్పండి, ఎడమకు త్రిప్పండి, రెప్పలార్చండి, పళ్ళు బిగించండి, ఊపిరి బిగబట్టండి, పాదం కదపండి. తీగలన్నీ పని చేస్తున్నాయో లేదో చూచుకోవటానికి ఇది. నలభై ఏళ్ళు పిల్లలచేత ఇటువంటివి చేయించినవాణ్ణి, బుద్ధిగా చేశాను. దీపం ఆరింది.

నిద్ర పట్టదని అందరూ భయపడే ఘట్టం ఇది. కొత్తచోట, తీగల మధ్య మొదటి రాత్రి నిద్ర పలుచగా ఉంటుందని 1966లోనే పరిశోధకులు లెక్కకట్టి చూపారు. వైద్యులు దాన్ని మినహాయించుకొనే చదువుతారు. నేను తెల్లవార్లూ మేలుకొనే ఉన్నానని ప్రమాణం చేసి ఉండేవాణ్ణి. అయిదు గంటలకు పైగా నిద్రపోయానని మరునాడు తేలింది. ప్రక్కకు తిరిగి పడుకోవచ్చు. తీగలకు ఆ మాత్రం పొడుగుంటుంది. లఘుశంకకు పోవలసివస్తే పిలిస్తే చాలు. తీగలన్నీ కలిసే ఆ చిన్న పెట్టెను విప్పి చేతికిస్తారు. నేను రెండుసార్లు ఆ పెట్టెను మెడకు తగిలించుకొని బుడబుక్కలవాడిలా నడిచాను. తీగ ఒకటి ఊడితే ఆ అమ్మాయి చప్పుడు చేయకుండా వచ్చి అతికించిపోయింది.

నేను నిద్రిస్తుండగా ఆమె తెర మీద నా రాత్రి సాగిపోతూ ఉన్నది. ఇప్పుడంటే తెర, పూర్వం కాగితం. ముప్పది సెకన్లకు ముప్పది సెంటీమీటర్ల పుట చొప్పున ఎనిమిది గంటల నిద్రకు 960 పుటలు, అంటే 288 మీటర్లు. ఎవరికి తోచినట్లు వారు చదివితే పొసగదని 1968లో రెక్ట్‌షాఫెన్, కేల్స్ సంపాదకత్వంలో ఒక వ్యాకరణం వెలువడింది. వ్యాకరణమని నేననటం అలంకారం కోసం కాదు. ఏ అల ఎంతసేపు ఉంటే ఏ దశ అనాలో సూత్రప్రాయంగా అందులో ఉన్నది. 2007లో అమెరికా నిద్రావైద్యుల సంఘం దాన్ని సవరించి, గాఢనిద్రలోని రెండు మెట్లను ఒకటి చేసింది. ముప్పది సెకన్ల పుట అన్న కొలత మాత్రం కాగితం పోయినా పోలేదు. 1970లో స్టాన్‌ఫర్డ్‌లో విలియం డిమెంట్ నిద్రారోగాలకోసం చికిత్సాలయం తెరచినప్పుడు దృష్టి నిద్రపట్టనివారి మీద, పగటి మత్తువారి మీద ఉండేది. 1972లో ఫ్రాన్సునుంచి క్రిస్తియాన్ గియెమినో అక్కడికి వచ్చి, ప్రతి రోగికీ ఊపిరి తీగలు, గుండె తీగలు కూడా పెట్టాలని పట్టుబట్టాడు. తలకొకరు, కంటికొకరు, పొట్టకొకరు కనిపెట్టినవన్నీ ఒకే మంచం మీద ఒకటై నేటి పరీక్ష అయినది అప్పుడే. అదే దశాబ్దంలో ఇటలీలోని బొలోనాకు చెందిన లుగరేసి గురకను పరిశోధనకు ఎత్తుకొన్నాడు. 1980లో సాన్ మరీనో జనుల లెక్కలు చూపి, గురకపెట్టేవారిలో రక్తపోటు ఎక్కువన్నాడు. నా రెండు మాత్రలకు లొంగని రక్తపోటుకు జవాబు అక్కడ ఉన్నది.

రాత్రి ఒంటిగంట దాటాక ఆ అమ్మాయి నన్ను లేపింది. “మాస్టారూ, ఊపిరి చాలాసార్లు ఆగుతున్నది. డాక్టరుగారు ముందే చెప్పి ఉంచారు, మిషను పెడతాను” అన్నది. అందరికీ ఇలా జరగదు. తీవ్రత మొదటి సగంలోనే తేలిపోతే రెండవ సగంలో చికిత్సను సరిచూస్తారు, లేకుంటే మరొక రాత్రి రమ్మంటారు. ముక్కు మీద మెత్తని తొడుగు, దానికి గొట్టం, గొట్టంలో గాలి. మొదటి అయిదు నిమిషాలు ఎదురుగాలిలో సైకిలు తొక్కుతున్నట్లుంటుంది. నోరు మూసుకొని ముక్కుతో పీల్చమన్నది.

1970ల దాకా ఈ జబ్బు ముదిరితే ఉన్న గట్టి వైద్యం గొంతుకు రంధ్రం చేయటమే. 1980 జూన్‌లో ఆస్ట్రేలియాలోని సిడ్నీలో కాలిన్ సలివన్ అనే వైద్యుని వద్దకు వచ్చిన ఒక రోగి ఆ రంధ్రం వద్దన్నాడు. మీ ప్రయోగమేదో నా మీద చేయండన్నాడు. సలివన్ అంతకుముందు కెనడాలో నిద్రించే కుక్కల ఊపిరి మీద పని చేసినవాడు. వాక్యూమ్ క్లీనరు మోటారును గాలి ఊదేలా త్రిప్పిపెట్టి, ముక్కుకు తొడుగు చేసి అతికించి, ఒత్తిడి పెంచుతూ పోయాడు. ఒక హద్దు దాటగానే గొంతు తెరుచుకొన్నది, ఊపిరి సాఫీ అయినది. రోగి ఎన్నో ఏళ్ళుగా ఎరుగని గాఢనిద్రలో, కలలలో మునిగిపోయాడు. 1981 ఏప్రిల్‌లో అయిదుగురు రోగుల కథగా ఇది ‘లాన్సెట్’ పత్రికలో వచ్చింది. మందు లేదు, కోత లేదు, గాలికి గాలే మందు. మా లెక్కల మాస్టారు మెమో అందుకొనేసరికి ఇది కూడా వచ్చేసింది. సిడ్నీ ఎక్కడ, మా ఊరెక్కడ అనుకొంటే అనుకోవచ్చు గాని, ఆ దూరంలో మా నవ్వు కూడా ఉన్నదని ఇప్పుడనిపిస్తున్నది.

ఆరింటికి లేపారు. తీగలు తీస్తుంటే ఛాతీ వెంట్రుకలు పీకినప్పటి చురుకు తప్ప మరేమీ లేదు. తలలో మిగిలిన ముద్ద గోరువెచ్చని నీళ్ళకు రెండు తలంట్లతో పోయింది. ఫలితం అప్పుడే చెప్పరు. ఆ వందల పుటలు ఒకరు చదవాలి, వైద్యుడు సరిచూడాలి. వారం తరువాత కాగితం వచ్చింది. పది సెకన్లకు తక్కువ కాకుండా ఊపిరి ఆగటం, సన్నగిల్లటం గంటకు ఎన్నిసార్లో దానిలో వ్రాస్తారు. అయిదు లోపు సామాన్యం, పదిహేను లోపు స్వల్పం, ముప్పై లోపు మధ్యమం, ఆ పైన తీవ్రం. నాది ముప్పది ఎనిమిది. వేలి బిళ్ళ చూపిన ప్రాణవాయువు ఒక దశలో డెబ్బది తొమ్మిదికి పడిపోయింది. మిషను పెట్టిన తరువాతి గంటలలో మొదటి అంకె నాలుగు. మా ఆవిడ ఆ కాగితం చేతిలోకి తీసుకొని, ఊపిరి ఆగిన అతి దీర్ఘమైన సమయం ఎంతో చూపమన్నది. నలభై ఒక్క సెకన్లు. “నా గడియారం సరిగానే ఉంది” అన్నది.

ఇప్పుడు కొందరికి ఇంటికే చిన్న పరికరం ఇచ్చి, వేలికి, ముక్కుకు, ఛాతీకి మాత్రమే తగిలించి పరీక్ష చేస్తున్నారు. ఎవరికి ఏది తగునో వైద్యుడు చెప్పాలి. గురకపెట్టేవారందరికీ ఈ జబ్బు ఉండదు. ఈ జబ్బున్నవారందరూ లావుగా ఉండరు. కాని గురక నడుమ నిశ్శబ్దం, పగలు మత్తు, లొంగని రక్తపోటు కలిసి కనిపిస్తే ఉపేక్షించరాదు. వాహనం నడిపేవారు బొత్తిగా ఉపేక్షించరాదు.

ఎవరి నిద్రను వారు చూసుకోలేరు. నిద్రపోయేవాడికి తన సంగతి తెలియదు, ప్రక్కనున్నవారికి తెలిసినా నవ్వుగా మారిపోతుంది. నూరేళ్ళుగా ఎందరో పరాయివారు ఇతరుల నిద్రకు కాపలా కాసి, కాగితం మీద పెట్టి, ఇది నవ్వులాట కాదని తేల్చారు. మీ ఇంట ఎవరైనా గురక పెడుతుంటే ఒక్క రాత్రి కాసేపు మేలుకొని వినండి. గురకను కాదు, అది ఆగిన తరువాతి నిశ్శబ్దాన్ని. సెకన్లు లెక్కపెట్టి, ఆ అంకె వైద్యునికి చెప్పండి.

మా ఇంట్లో ఇప్పుడు గోడగడియారం వైపు ఎవరూ చూడటం లేదు. మిషను పెట్టుకొన్న మొదటి వారంలో ఒక తెల్లవారుజామున నాకే మెలకువ వచ్చి చూస్తే, మా ఆవిడ గాఢంగా నిద్రపోతూ సన్నగా గురక పెడుతున్నది. కాసేపు విన్నాను. మధ్యలో ఎక్కడా ఆగలేదు.

స్వస్తి.